వైకింగ్‌లో కింగ్ లేడు

ఓటీటీలో ఏదో సీరియల్ ఊపేసినట్టుంది, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే మాట చుట్టూ తిరిగాయి. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి వాయిదా వేసి, వైకింగ్‌ల సంగతే, అంటే వెయ్యేళ్ల కిందట ఉత్తర యూరప్ నుంచి ఓడల్లో వచ్చి తీరాల మీద పడ్డ దోపిడీదార్ల సంగతే తీసుకుంటున్నాం.

ప్రశ్న: మా మనవడు ఫోన్‌లో ఏదో ఆట ఆడుతూ పొద్దస్తమానం వైకింగ్, వైకింగ్ అంటుంటాడు. అదొక జాతి పేరని వాడంటాడు. ఆ మాటలోనే కింగ్ ఉంది కాబట్టి సముద్రాన్ని ఏలే రాజు అని అర్థం అంటాడు మా అల్లుడు. భోజనాల దగ్గర రోజూ ఇదే పంచాయితీ. ఎవరు చెప్పింది నిజమో కాస్త చెప్పండి.
– ఒక రిటైర్డ్ టీచర్, మల్కాజిగిరి

జవాబు: ఇద్దరిదీ కాదు టీచర్‌గారూ. ముందు అల్లుడుగారి సంగతి చూద్దాం, అది తేలిక. ఆ మాటని వై, కింగ్ అని కాదు, వీక్, ఇంగ్ అని విడగొట్టాలి. స్కాండినేవియా (నార్వే, స్వీడన్, డెన్మార్క్) వాళ్ల పాత భాషని పాత నార్స్ అంటారు. అందులో చివర తగిలే 'ఇంగ్' అనేది ఫలానా దానికి సంబంధించినవాడు అని చెప్పే ప్రత్యయం, మనకి వేటకాడు, పాటగాడు ఉన్నట్టే. రాజుని వాళ్లు కొనుంగ్ర్ అనేవాళ్లు, అది వేరే మాట. నార్వే, స్వీడన్, డెన్మార్క్‌లలో ఈ రోజుకీ వీకింగ్ అనే పలుకుతారు. ఆ 'వీ' కాస్తా 'వై' అయింది ఇంగ్లీషు వాళ్ల నోట్లో, వాళ్ల పుస్తకాల మీదుగా మన దగ్గరికి వచ్చింది కాబట్టి మనకీ అదే అలవాటైంది.

ఇక మనవడి జాతి సంగతి. పాత నార్స్‌లో ఇవి రెండు మాటలు. ఒకటి వీకింగ్ర్, అంటే మనిషి. రెండోది వీకింగ్, ఇది స్త్రీలింగం, అంటే ఆ ప్రయాణం, ఓడ కట్టుకుని దూరం పోయి దోచుకునో కొల్లగొట్టుకునో తెచ్చుకునే ఆ పని. 'వీకింగ్‌కి వెళ్లాడు' అనేవాళ్లు, మన కరీంనగర్, జగిత్యాల వైపు 'దుబాయి పోయిండు' అన్నంత మామూలుగా. వెళ్లొచ్చినవాడు మళ్లీ పొలం దున్నుకుంటాడు, చేపలు పడతాడు, పెళ్లి చేసుకుంటాడు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ వాడు రైతే.

ఇది మనం ఊహించి చెప్పేది కాదు, వాళ్లు రాళ్ల మీద చెక్కి పెట్టుకున్నారు. స్వీడన్‌లో హార్లింగ్‌స్టోర్ప్ అనే చోట రూనిక్ అనే వాళ్ల పాత లిపిలో చెక్కిన ఒక రాయి ఉంది. టోలా అనే తల్లి తన కొడుకు గెయిర్ జ్ఞాపకంగా నిలబెట్టించిన రాయి అది. చాలా మంచివాడు, పడమటి దారుల్లో వీకింగ్‌లో చనిపోయాడు అని రాయించుకుంది పాపం. ఇక్కడ వీకింగ్ అన్నది కొడుకు జాతి కాదు, వాడు పోయిన పని.

అదే స్వీడన్‌లో బ్రూ అనే ఊరి చర్చి దగ్గర ఇంకో రాయి ఉంది, అది ఇంకా తమాషా. గిన్‌లోగ్ అనే ఆవిడ చనిపోయిన భర్త అస్సుర్ పేరు మీద ఒక వంతెన కట్టించి, ఈ రాయి పెట్టించింది. అందులో భర్త గొప్ప చెబుతూ ఆయన 'వైకింగ్‌ల కాపలాదారు' అని రాయించింది, అంటే వైకింగ్‌లు తీరం మీద పడకుండా కాపలా కాసే అధికారి అన్నమాట. వైకింగ్ అంటే స్వీడన్ వాళ్లందరి జాతి పేరే అయితే స్వీడన్‌లోనే వైకింగ్‌ల మీద కాపలా ఎందుకు పెడతారు చెప్పండి. వాళ్లకి కూడా వైకింగ్ అంటే దొంగే, సముద్రం మీద తిరిగే దొంగ.

2020లో నేచర్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. యూరప్ అంతటా, గ్రీన్‌లాండ్‌లో తవ్వకాల్లో దొరికిన 442 మంది అస్థికల డీఎన్‌ఏ చూశారు. స్కాట్లండ్‌కి పైన ఉన్న ఓర్క్నీ దీవుల్లో వైకింగ్ పద్ధతిలో కత్తితో సహా పూడ్చిపెట్టిన మనుషుల్ని చూస్తే వాళ్లలో స్కాండినేవియా రక్తమే లేదు, స్థానికులు. అంటే ఆ పనిలో చేరినవాడల్లా వైకింగే. మీ మనవడికి ఈ ముక్క చెప్పండి, ఆటలో వాడికి పనికి రాకపోయినా మీ అల్లుడి మీద పనికొస్తుంది.

ప్రశ్న: అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. వైకింగ్ మాట ఎక్కడి నుంచి వచ్చింది అంటే ఒక గైడ్‌లో అఖాతం అని ఉంది, ఇంకోదాంట్లో శిబిరం అని ఉంది. చిక్కడపల్లి లైబ్రరీలో చూస్తే మూడో సమాధానం దొరికింది. టెన్షన్‌గా ఉంది. ఏది టిక్ పెట్టాలి?
– ఒక నిరుద్యోగి

జవాబు: టిక్ పెట్టాల్సి వస్తే 'అఖాతం' పెట్టి ముందుకి పోండి తమ్ముడూ, పేపర్ తయారు చేసేవాళ్ల దగ్గర ఉండేది అదే. కానీ పండితుల మధ్య ఈ తగువు చాలాకాలంగా నడుస్తోంది, ఇంకా తెగలేదు. కాబట్టి పరీక్ష పక్కన పెట్టి అసలు సంగతి వినండి.

మొదటిది అఖాతం కథ. పాత నార్స్‌లో 'వీక్' అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన చిన్న పాయ, ఓడలు ఆగే మలుపు. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవీక్‌లో ఉన్నది ఈ వీకే, పొగల అఖాతం అని అర్థం. అక్కడ నేలలోంచి వేడి ఆవిర్లు పైకి లేస్తుంటాయి మరి. నార్వేలో నార్విక్, షెట్లాండ్‌లో లెర్‌విక్ కూడా ఇదే మాట. పాయల్లో నక్కి, దారిన పోయే ఓడల మీద పడేవాడు కాబట్టి వీకింగ్ అయ్యాడు అంటారు. వినడానికి బాగుంది. కానీ నార్వే మ్యాప్ ఒకసారి తెరవండి, ఆ దేశంలో అఖాతం పక్కన లేనిదెవరు? అక్కడ పుట్టినవాడల్లా అఖాతం వాడే అయితే ఆ పేరు పెట్టి ఒకణ్ణి ప్రత్యేకంగా గుర్తుపట్టేదేముంది?

దీనికి తమ్ముడు లాంటిది రెండోది. ఓస్లో పక్క సముద్రపు ప్రాంతం పేరే వీక్, ఇప్పుడు వీకెన్ అంటారు. అక్కణ్ణుంచి బయల్దేరినవాళ్లు వీకింగ్‌లు అని. దీన్ని పడగొట్టడం తేలిక, ఎందుకంటే ఆ ప్రాంతం వాళ్లని పాత రాతల్లో వీక్‌వెర్యర్ అన్నారు తప్ప వీకింగ్‌లు అనలేదు.

మూడోది మీ గైడ్‌లోని శిబిరం. లాటిన్‌లో వీకుస్ అంటే పేట, వాడ. అది పాత ఇంగ్లీషులోకి 'వీక్' అయి వచ్చింది. సంత జరిగే రేవు, తాత్కాలికంగా దిగే మకాం అని అర్థాలు. ఇంగ్లండ్‌లో ఇప్స్‌విచ్ అనే ఊరి పేరు చివర ఉన్నది అదే. ఇలాంటి రేవుల మీద పడేవాళ్లు, లేదా ఒడ్డున మకాం వేసి దోచుకునేవాళ్లు అని ఈ కథ. దీనికి బలం ఎక్కడుందంటే, ఈ మాట ఇంగ్లీషులో చాలా ముందే కనిపిస్తుంది. ఇంగ్లండ్ మీద వైకింగ్‌ల దాడులు అనగానే అందరూ 793లో లిండిస్‌ఫార్న్ మఠం దోపిడీ నుంచి మొదలుపెడతారు కదా, దానికి దాదాపు తొంభై ఏళ్ల ముందే, 700 ప్రాంతంలో తయారైన ఒక లాటిన్–పాత ఇంగ్లీషు పదాల పట్టికలో ఓడదోపిడీకి సంబంధించిన లాటిన్ మాట పక్కన 'వీకింగ్' ఉన్న మాట రాసి పెట్టారు. అంటే ఉత్తరాది వాళ్ల ఓడలు ఇంకా రాకముందే ఇంగ్లీషు వాళ్లకి ఈ మాట తెలుసు, అది ఏ దేశం వాడికీ పేరు కాదు, ఓడ మీద వచ్చే దొంగ ఎవడైనా సరే. బైబిల్ కథని పాత ఇంగ్లీషు పద్యంగా రాసినాయన ఎర్రసముద్రం దాటుతున్న ఇశ్రాయేలీయుల్ని సముద్రపు వీకింగ్‌లు అన్నాడంటే చూడండి!

నాలుగోది నాకు అన్నిటికన్నా నచ్చింది, పరీక్షలో మాత్రం రాయొద్దు. పాత నార్స్‌లో 'వికా' అని ఒక మాట ఉంది. తెడ్లు వేసేవాళ్లు అలిసిపోయి, పక్కవాళ్లకి చోటిచ్చి లేచేలోపు ఓడ ఎంత దూరం పోతుందో ఆ దూరాన్ని వికా అంటారు, సముద్రం మీద మైలురాయి లాంటిది. తెరచాప రాకముందు స్కాండినేవియా వాళ్లకి దూర ప్రయాణం అంటే ఇదే, వంతులేసుకుని తెడ్డు తోసుకుంటూ పోవడం. అలా వంతుల మీద సాగే ప్రయాణం వీకింగ్, అందులో వంతు తీసుకునేవాడు వీకింగ్ర్. స్త్రీలింగంలో ఉన్న ప్రయాణం మాట కూడా ఇందులో చక్కగా ఇమిడిపోతుంది, అఖాతం కథలో దానికి చోటు దొరకదు. స్వీడన్‌కి చెందిన బెర్టిల్ డాగ్‌ఫెల్ట్ 1983లో దీన్ని బయటికి తెచ్చాడు, తర్వాత 2005లో నార్వే పండితుడు ఎల్డార్ హైడె పక్కాగా వాదించాడు.

ఇందులో మనవాళ్లకి ఇంకో ఆనందం ఉంది. ఆ వికా అనే మాటకే పాత నార్స్‌లో ఇంకో అర్థం వారం, ఏడు రోజుల వారం. ఇంగ్లీషు వీక్ దాని చుట్టమే. వంతు మారడం అనే అర్థం నుంచే రెండూ వచ్చాయి. మన వారం సంగతి చూడండి, సంస్కృతంలో 'వార' అంటే వంతు. ఒక్కో గ్రహానికి ఒక్కో రోజు వంతు కాబట్టి ఆదివారం, సోమవారం. వెనకటి రోజుల్లో బీద కుర్రాళ్లు సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో తిని వారాలు చేసుకుని చదువుకున్నారంటే అదీ వంతులే. ఎక్కడి నార్వే, ఎక్కడి రాజమండ్రి, రెండు చోట్లా వంతు మాటలోంచే వారం పుట్టింది.

ఇవి కాక పక్కకి మళ్లడం, తప్పుకోవడం అనే అర్థమున్న 'వీక్యా' క్రియలోంచి వచ్చింది, ఊరొదిలి తప్పుకున్నవాడు అని ఇంకో వాదం ఉంది గానీ దాని గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు.

ప్రశ్న: వాళ్లు దాడులు చేసిన దేశాలవాళ్లు కూడా వైకింగ్ అనే అన్నారా? మా టోలిచౌకీలో అరబ్ వాళ్లు చాలామంది ఉంటారు, ఒకాయన మా పుస్తకాల్లో వాళ్ల పేరు వేరే ఉంది అన్నాడు.
– ఒక బుక్‌షాపు యజమాని

జవాబు: ఆయన చెప్పింది నిజం. అసలు వాళ్ల కాలంలో వైకింగ్ అన్నవాళ్లే తక్కువ. ఇంగ్లండ్‌లో రాజుల కాలం నాటి వార్షిక వృత్తాంతాల్లో ఎక్కువగా డేన్‌లు, లేదా అన్యమతస్తులు, లేదా ఊరికే సైన్యం అని రాసుకున్నారు. వీకింగ్ మాట అక్కడక్కడ ఒకటీ అరా. ఫ్రాన్స్ వాళ్లకి ఉత్తరాది మనుషులు, నార్మన్‌లు. 911లో అక్కడి రాజు వాళ్ల నాయకుడు రోలోకి ఇచ్చేసిన నేల నార్మండీ అయింది. ఐర్లండ్‌లో గాల్ అన్నారు, పరాయివాళ్లు అని, అంతే. ఇప్పటికీ డబ్లిన్ విమానాశ్రయం ఉన్న జిల్లా పేరు ఫింగాల్, అంటే పరాయివాళ్ల నేల. జర్మనీలో ఆడమ్ అనే బ్రెమెన్ మతాచార్యుడు 1075 ప్రాంతంలో రాస్తూ, ఈ ఓడదొంగల్ని వాళ్లవాళ్లు వీకింగ్‌లంటారు, మావాళ్లు అస్కొమాన్‌లంటారు అన్నాడు. అదే చోట ఇంకో గొప్ప సంగతి బయటపెట్టాడు: వీళ్లు డెన్మార్క్ రాజుకి కప్పం కట్టి, పరాయివాళ్లని దోచుకోవడానికి అనుమతి తీసుకుంటారట, తీరా అనుమతి చేతికొచ్చాక సొంతవాళ్ల మీదే పడతారట.

ఇక అరబ్బుల పేరు. 844లో ఈ ఓడలు స్పెయిన్‌లో సెవిల్ నగరం మీద పడ్డాయి, అప్పుడక్కడ ముస్లిం పాలన. వాళ్లు పెట్టిన పేరు మజూస్, అగ్నిపూజకులు అని. నిజానికి అది పార్సీ మతస్తుల పేరు, మన ఆబిడ్స్‌లోనూ సికింద్రాబాద్‌లోనూ అగియారీలనే గుళ్లున్నాయే, ఆ పార్సీలది. ఓడ మీద వచ్చి కొంపలు తగలబెట్టినవాళ్లకీ పార్సీలకీ ఏ సంబంధమూ లేదు, తమ గ్రంథాల్లోని మతాల్లో వీళ్లది ఏదీ కాదు కాబట్టి తెలిసిన పేరొకటి తగిలించారు. మనమేం తక్కువ తినలేదు. ఫ్రాంక్ అనే యూరప్ జాతి పేరు పారశీకం మీదుగా ఫిరంగి అయి వచ్చి, మన దగ్గర తెల్లవాడు తెచ్చిన తోపుకి పేరైపోయింది.

తూర్పున రష్యా నదుల వెంట పోయినవాళ్లది ఇంకో పేరు, రూస్. ఫిన్‌లాండ్ వాళ్లు స్వీడన్‌ని ఇప్పటికీ రుఓట్సి అంటారు, అది తెడ్డు వేయడం అనే స్వీడిష్ మాటలోంచి వచ్చిందని ఎక్కువమంది పండితుల మాట. ఆ రూస్ మాటే రష్యా అయింది. పైన చెప్పిన వికా వాదం నాకు నచ్చడానికి ఇదొక కారణం, తూర్పు చుట్టాలకి తెడ్డు పేరొచ్చినప్పుడు పడమటి వాళ్లకి రాకూడదని ఏముంది.

ఈ రూస్‌లని దగ్గర్నుంచి చూసి రాసిన పెద్దమనిషి ఇబ్న్ ఫద్లాన్. బాగ్దాద్ ఖలీఫా పంపిన బృందంలో బయల్దేరి 922లో వోల్గా నది ఒడ్డున వాళ్లని చూశాడు. ఖర్జూరపు చెట్ల లాంటి మనుషులు, ఇంత నిండైన శరీరాలు నేనెక్కడా చూడలేదు అని మెచ్చుకున్నాడు. ఆ వెంటనే ముక్కు మూసుకున్నాడు. పొద్దున్నే ఒక దాసి పెద్ద బేసిన్‌లో నీళ్లు తెచ్చి యజమాని ముందు పెడుతుంది. ఆయన అందులోనే మొహం కడుక్కుని, జుట్టు తడిపి దువ్వుకుని, ముక్కు చీది, ఉమ్మేస్తాడు. ఆ పిల్ల అదే బేసిన్ ఎత్తి పక్కాయన ముందు పెడుతుంది, ఆయనా అదే నీళ్లలో అదే పని. ఇంట్లో ఉన్న అందరికీ అలా తిరుగుతుంది. రోజుకి అయిదుసార్లు నమాజుకి ముందు వజూ చేసుకునే, అంటే శుభ్రంగా కడుక్కునే మనిషి అది చూస్తూ నిలబడ్డాడని గుర్తుపెట్టుకుని చదివితే ఆయన రాతలో ఆ వెగటు ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమవుతుంది. దువ్వుకున్నారన్న మాట మాత్రం వదలకండి, వాళ్ల సమాధుల్లో కొమ్ముతో చేసిన దువ్వెనలు బోలెడు దొరికాయి.

ప్రశ్న: మా పాప స్కూల్ యాన్యువల్ డేకి వైకింగ్ వేషం. బేగంబజార్‌లో తిరిగి తిరిగి రెండు కొమ్ముల హెల్మెట్ కొన్నాం. ఇప్పుడు ఎవరో వాళ్లకసలు కొమ్ములే లేవంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: నిజమేనండీ. కానీ కొన్న హెల్మెట్ వాపసు చేయకండి, కొమ్ములు లేకపోతే పాప వైకింగ్ అని స్టేజి కింద ఎవరికీ తెలియదు. నార్వేలో ఎర్ముండ్‌బు అనే చోట 1943లో అసలు వైకింగ్ కాలపు ఇనుప శిరస్త్రాణం దొరికింది, గుండ్రంగా, కళ్ల చుట్టూ కళ్లజోడు లాంటి కవచంతో. కొమ్ములు లేవు. డెన్మార్క్‌లో వెక్సో అనే చోట అంతకు ముందేడు కొమ్ములవి రెండు బయటపడ్డాయి గానీ అవి క్రీస్తుపూర్వం 900 నాటివి, అంటే వైకింగ్‌లకి అవి మనకి శాతవాహనులంత పాతవి. మరి ఈ కొమ్ములు ఎవరి పుణ్యం అంటే జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ 1876లో వేసిన సంగీత నాటకాలకి కార్ల్ ఎమిల్ డోప్లర్ అనే ఆయన కుట్టించిన వేషాలది. మన సురభి వాళ్ల కిరీటాలు చూసి కృష్ణదేవరాయలు రోజూ అలాగే తిరిగేవాడనుకోవడం ఎంతో ఇదీ అంతే.

నిజానికి ఆ శతాబ్దంలోనే వైకింగ్ అన్న మాటకి కూడా కొత్త వేషం వేశారు. ఇంగ్లీషులో అది నడి యుగాల్లోనే వాడుకలోంచి పోయింది, వందల ఏళ్లు ఎవరూ తలుచుకోలేదు. 1809లో స్వీడన్ ఫిన్‌లాండ్‌ని రష్యాకి పోగొట్టుకుంది. దెబ్బతిన్న దేశానికి గొప్ప పూర్వీకులు కావాలి కదా, 1811లో స్టాక్‌హోమ్ కుర్రకవులు సంఘం పెట్టుకుని పాత కథలు దుమ్ము దులిపారు, వాళ్లలో యేయర్ అనే ఆయన వైకింగ్ మీద కవిత రాశాడు. అందులో సముద్రపు దొంగ కాస్తా స్వేచ్ఛ కోసం అలల మీద దూకే వీరుడయ్యాడు. ఆ తర్వాత 1880లో, 1904లో నార్వే నేలలోంచి గోక్‌స్టాడ్, ఓసెబెర్గ్ ఓడలు బయటపడేసరికి ఇక ఆపేవాళ్లు లేకపోయారు. మీ పాప చదివే పుస్తకంలో వైకింగ్‌లు ఒక జాతి అని రాసి ఉందంటే అది ఈ రెండు వందల ఏళ్ల ముచ్చటే.

ప్రశ్న: ఫోన్‌లో బ్లూటూత్ గుర్తు వైకింగ్ రాజుదని మా ఆఫీసులో అంటున్నారు. జోకా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్

జవాబు: జోకు కాదు. హెరాల్డ్ అని పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు, ముద్దుపేరు బ్లూటూత్, నీలిపన్ను. విడివిడిగా ఉన్న వాళ్లని కలిపాడని పేరు, యెల్లింగ్‌లో ఆయన నిలబెట్టిన రాయి మీద డెన్మార్క్ మొత్తాన్నీ నార్వేనీ గెలిచాననీ, డేన్‌లని క్రైస్తవుల్ని చేశాననీ చెక్కించుకున్నాడు. 1997లో ఇంటెల్ ఉద్యోగి జిమ్ కార్డాక్ ఫోన్లనీ కంప్యూటర్లనీ కలిపే పరిజ్ఞానానికి తాత్కాలికంగా ఈ పేరు సూచించాడు, తర్వాత అదే ఉండిపోయింది. ఆ గుర్తు హెరాల్డ్, బ్లూటూత్ అనే రెండు మాటల మొదటి అక్షరాల్ని రూనిక్ లిపిలో ఒకదాని మీద ఒకటి పెట్టి గీసింది. వైకింగ్ రాజు అన్నదే కాస్త తేడా. టోలా కొడుకు గెయిర్ వైకింగ్, హెరాల్డ్ రాజు. ఆయన చావు కూడా సొంత ఇంట్లోంచే వచ్చింది, కొడుకు స్వెయిన్ తిరగబడ్డాడు, ఆ పోరులో దెబ్బతిని పోయాడు. ఆ స్వెయినే 1013లో ఇంగ్లండ్ సింహాసనం ఎక్కాడు, అయిదు వారాలు ఏలి పోయాడు.